ఆడకుండా మిగిలిన ఆటలు: వీడియో గేమ్‌ల నిల్వపై ఒక సమీక్ష

వీడియో గేమ్‌ను కొని మొదలుపెట్టకపోవడం, మొదలుపెట్టి సగంలో ఆపడం, ఆపినదాన్ని ఎప్పటికైనా పూర్తి చేయాలన్న ఉద్దేశంతో అలాగే ఉంచడం, ఆలోపు మరికొన్ని కొనడం అనే క్రమం గత పదిహేనేళ్లలో ఈ వినోదానికి అలవాటుపడినవారిలో చాలామందికి అనుభవంలోకి వచ్చింది. ఇలా పేరుకున్న ఆటల మొత్తాన్ని ఆడేవాళ్లు బ్యాక్‌లాగ్ అంటారు. ఈ వ్యాసంలో నిల్వ అన్న మాట ఆ అర్థంలోనే వస్తుంది. ఈ నిల్వలో నిజానికి మూడు వేర్వేరు రకాల ఆటలు కలిసిపోయి ఉంటాయి. ఒక్కసారి కూడా తెరవనివి కొన్ని, కొంత ఆడి తిరిగి రావాలనుకుని వదిలినవి కొన్ని, ముగింపు అనేదే లేనందువల్ల పూర్తి చేయడమన్న మాటకు అర్థం లేనివి కొన్ని. ఈ మూడింటినీ ఒకే సంఖ్యగా కూడి, ఆ సంఖ్యను చూసి బెంగపడటం ఈ విషయంపై వచ్చిన రాతల్లో తరచు కనిపించే లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో చేర్చిన, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన గేమింగ్ రుగ్మతతో కూడా ఈ నిల్వ సమస్యను కలపకూడదు. అక్కడి సమస్య ఆట మానలేకపోవడం, ఇక్కడి సమస్య కొన్న ఆటను ఆడలేకపోవడం.

నిల్వ వీడియో గేమ్‌తో పాటే పుట్టిన సమస్య కాదు. 1978లో వచ్చిన ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ వంటి ఆర్కేడ్ ఆటలను, అంటే నాణెం వేసి ఆడే యంత్రాలను, ఎవరూ కొనుక్కునేవారు కాదు. కొన్ని నిమిషాల ఆటకు డబ్బు చెల్లించేవారు, ఆ నిమిషాలు అక్కడికక్కడే ఖర్చయ్యేవి, మిగులు అన్న ప్రసక్తే ఉండేది కాదు. తెలుగు పట్టణాల్లో 2000 తర్వాతి దశాబ్దంలో ‘వైస్ సిటీ’, ‘కౌంటర్ స్ట్రైక్’ వంటి ఆటలను ఎందరికో పరిచయం చేసిన ఇంటర్నెట్ సెంటర్లలోనూ గంటకింత అని చెల్లించడమే పద్ధతి. ఇళ్లలోని కన్సోళ్లకు వాడిన కార్ట్రిడ్జ్‌లు, మన దగ్గర క్యాసెట్లుగా పిలిచినవి, ఎక్కువమంది దగ్గర కొద్ది సంఖ్యలోనే ఉండేవి. చేతిలో ఉన్నదాన్ని కంఠతా వచ్చేదాకా ఆడేవారు. ఆనాడు గంటలు కొనుక్కున్న తరం తర్వాత హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో జీతాలు అందుకునే వయసుకు వచ్చేసరికి, ఆటల ధరలు భరించే స్తోమత ఏర్పడింది, ఆడే తీరిక పోయింది. అయితే డబ్బు, తీరిక ఇలా తారుమారు కావడం ఏ తరానికైనా, ఏ వ్యాపకంలోనైనా జరిగేదే కాబట్టి, వందల ఆటలు ఖాతాల్లో పడి ఉండటానికి అది చాలినంత కారణం కాదు. అసలు కారణాన్ని అంగడి మారిన తీరులో వెతకాలి.

వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో ప్రారంభించిన స్టీమ్, కంప్యూటర్ ఆటలను డిస్కు అవసరం లేకుండా ఇంటర్నెట్ ద్వారా అమ్మే దుకాణాల్లో అతి పెద్దదిగా క్రమంగా ఎదిగింది. డిస్కుకు అల్మరాలో చోటు కావాలి, అల్మరా నిండితే కొనేవాడికి కనిపిస్తుంది. ఖాతాలో చేరిన ఆటకు అటువంటి హద్దు ఏదీ లేదు. వేసవిలోనూ శీతకాలంలోనూ స్టీమ్ జరిపే రాయితీ అమ్మకాల్లో పాత ఆటలు సగం ధరకు, పావు ధరకు, ఒక్కోసారి పదో వంతు ధరకు దొరుకుతాయి. 2010 మేలో మొదలైన హంబుల్ ఇండీ బండిల్ చిన్న సంస్థల ఆటలు కొన్నింటిని ఒక మూటగా కట్టి, తోచినంత చెల్లించి తీసుకోమంది. మూటలో ఒకటో రెండో కావాలనుకున్నవారి ఖాతాల్లోకి మిగిలినవీ వచ్చి చేరాయి. 2018 డిసెంబరులో తెరిచిన ఎపిక్ గేమ్స్ స్టోర్ ఇంకా ముందుకు పోయి, కొనుగోలుదారులను రప్పించడానికి కొన్ని ఆటలను గడువు పెట్టి ఉచితంగా పంచడం ఆనవాయితీ చేసుకుంది. 2020 మేలో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ను అలా పంచినప్పుడు రద్దీకి తట్టుకోలేక ఆ దుకాణమే కొన్ని గంటలపాటు స్తంభించింది, అప్పటికి ఆ ఆట విడుదలై దాదాపు ఏడేళ్లు. 2017 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రారంభించిన ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ నెలసరి చందాకు పెద్ద ఆటల భాండాగారాన్నే తెరిచిపెట్టింది. 2015లో స్టీమ్ రూపాయల్లో ధరలు చూపడం మొదలుపెట్టాక ఆ దుకాణపు ఆటలు భారతీయ కొనుగోలుదారుకు కూడా చేతికందే దూరంలోకి వచ్చాయి.

అమ్మకం సులువైనట్టే విడుదల కూడా సులువైంది. ఏ ఆటను అమ్మకానికి పెట్టాలో మొదట్లో స్టీమ్ నిర్వాహకులే ఎంచేవారు; 2012లో గ్రీన్‌లైట్ పేరుతో ఆ ఎంపికను ఆడేవారి ఓట్లకు అప్పగించారు; 2017లో దాన్నీ తీసేసి, ఆటకు 100 డాలర్ల రుసుము కట్టి నిబంధనలు పాటించే ఎవరైనా విడుదల చేసుకునే పద్ధతి తెచ్చారు. 2024 ఒక్క ఏడాదిలో ఆ దుకాణంలోకి 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. అందులో అధికభాగం ఎవరి కంటా పడకుండా పోయేవే అయినా, పదింట ఒక వంతు చూడదగ్గవి అనుకున్నా ఒక మనిషి జీవితకాలపు తీరికకు మించిన సరుకు అది.

నిల్వ ఎంత పెద్దదన్న ప్రశ్నకు తరచు ఉదాహరించే లెక్క ‘ఆర్స్ టెక్నికా’ పత్రిక 2014 ఏప్రిల్‌లో ప్రచురించినది. అందరికీ కనిపించేలా ఉంచిన స్టీమ్ ఖాతాల నుంచి యాదృచ్ఛికంగా నమూనా తీసి వేసిన ఆ అంచనా ప్రకారం, ఖాతాల్లో నమోదైన ఆటల్లో సుమారు 37 శాతాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. ఈ సంఖ్యను జాగ్రత్తగా వాడాలి. మూటల్లో కొసరుగా వచ్చినవి, ఒక ఆటతో పాటు ఉచితంగా జతపడినవి కూడా అందులో ఉన్నాయి. ఆడిన కాలాన్ని స్టీమ్ నమోదు చేయడం 2009లో గానీ మొదలుకాలేదు కనుక, అంతకుముందు ఆడి పక్కన పెట్టినవి కూడా ఆడనివిగానే తేలాయి. ఇంతకంటే సూటిగా మాట్లాడేది స్టీమ్ స్వయంగా విడుదల చేసిన 2024 వార్షిక సమాచారం. ఆ ఏడాది అక్కడ ఆడినవారి ఆటల మధ్యస్థ సంఖ్య, అంటే అందరినీ ఆడిన ఆటల లెక్కన వరుసలో నిలబెడితే నడిమధ్యన ఉండేవారి సంఖ్య, నాలుగు. ఆ ఏడాది విడుదలైన ఆటలపై గడిచినది మొత్తం ఆడిన కాలంలో 15 శాతం. తక్కినదంతా అంతకుముందు ఏళ్లలో వచ్చినవాటికే పోయింది. 18 వేల పక్కన నాలుగు అన్న అంకెను పెట్టి చూసినప్పుడు, ఆడేవారు వెనకబడిపోతున్నారన్న మాట అర్థరహితమవుతుంది. అందుకోవలసిన ముందువరుస అంటూ ఒకటి ఉంటేనే వెనకబడటం అనేది ఉంటుంది.

మొదలుపెట్టినవాటిని ఎందరు ముగిస్తారన్నది కూడా ఇప్పుడు బహిరంగమే. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చి తర్వాత స్టీమ్, ప్లేస్టేషన్‌లకు పాకిన అచీవ్‌మెంట్లు, అంటే ఆటలో ఒక్కో ఘట్టం దాటినప్పుడు ఖాతాకు చేరే గుర్తింపులు, వాటిని ఎంత శాతం మంది పొందారో చూపిస్తాయి. పేరుపొందిన, విమర్శకులు మెచ్చిన ఆటల్లో సైతం చివరి ఘట్టపు గుర్తింపు పొందినవారు సగం లోపే ఉండటం సర్వసాధారణం. సగంలో వదలడం ఆడేవారి బలహీనత కాదు, ఆ మాధ్యమపు మామూలు నడవడి అని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఈ విషయంలో మనస్తత్వ శాస్త్రం కంటే ముందు పలకవలసినది అంకగణితం. వారానికి ఆరు గంటలు ఆడగలిగే ఉద్యోగికి ఏడాదికి సుమారు 312 గంటలు దొరుకుతాయి. ఆ వ్యక్తి నెలకు రెండు ఆటలు కొని, ఒక్కొక్కటి 30 గంటలు తీసుకుంటుందనుకుంటే, ఏడాదికి 720 గంటల ఆట వచ్చి చేరుతుంది. అంటే ఎంత శ్రద్ధగా ఆడినా ఏటా 400 గంటలకు పైగా బాకీ పెరుగుతుంది. ఇప్పటికే 200 ఆటలు ఉండి, సగటున 20 గంటల చొప్పున 4,000 గంటలు కావాలనుకుంటే, ఇకపై ఒక్కటి కూడా కొనకుండా ఆడినా దాదాపు పదమూడేళ్లు పడుతుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన వరుసల సూత్రం దీన్నే సాధారణీకరిస్తుంది. రాకపోకలు నిలకడగా ఉన్న ఏ వరుసలోనైనా, వేచి ఉన్నవాటి సగటు సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కొక్కటి వేచి ఉండే సగటు కాలంతో గుణిస్తే వచ్చినంత ఉంటుంది. రాక పోకకు మించినప్పుడు ఆ నిలకడే ఉండదు, వరుస అంతులేకుండా సాగుతుంది. పోయే వేగాన్ని ఉద్యోగం, కుటుంబం, నిద్ర నిర్ణయిస్తాయి. ఆడేవారి అదుపులో ఉన్నది వచ్చే వేగమొక్కటే. నిల్వను తగ్గించుకునే ఉపాయాలుగా ప్రచారంలో ఉన్నవాటిలో అధికభాగం పోయే వేగాన్ని పెంచే ప్రయత్నాలు కావడం విచిత్రం.

ఆటల నిడివి కూడా ఈ లెక్కను కదిలిస్తుంది. ఆడేవారు స్వయంగా నమోదు చేసిన కాలాల సగటులను చూపే ‘హౌ లాంగ్ టు బీట్’ ప్రకారం 2015 నాటి ‘ది విచర్ 3’ ప్రధాన కథకే సుమారు 50 గంటలు పడుతుంది, అందులో ఉన్నవన్నీ చూడాలంటే 170 గంటలు దాటుతుంది. 2007 నాటి ‘పోర్టల్’ మూడు నాలుగు గంటల్లో ముగుస్తుంది, 2019లో వచ్చిన ‘ఎ షార్ట్ హైక్’కు రెండు గంటలు కూడా అక్కర్లేదు. ఒకప్పుడు ఎక్కువ గంటలు ఇవ్వడాన్నే ఔదార్యంగా ప్రకటించుకున్న పెద్ద సంస్థలు ఇటీవల కొంత తగ్గాయి. ‘అసాసిన్స్ క్రీడ్ వల్హాలా’ వంటి విశాలమైన ఆట తర్వాత యూబీసాఫ్ట్ 2023లో ‘మిరాజ్’ను కావాలనే చిన్నదిగా తెచ్చింది. డబ్బుకు తగిన గంటలు అన్న పాత కొలబద్ద తీరిక లేని కొనుగోలుదారు దగ్గర తలకిందులవుతుందని ఆ సంస్థలు గ్రహించడానికి ఇంతకాలం పట్టింది.

ఇక కొన్నది ఆడకపోవడానికి మనసులో జరిగేదేమిటన్న ప్రశ్న. దీనికి అతి దగ్గరగా వచ్చే పరిశోధన ఆటలపై చేసినది కాదు, నాటకాలపై చేసినది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రకటించిన ప్రయోగంలో, ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలకు ఏడాది టికెట్లు కొనడానికి వచ్చినవారికి తెలియకుండానే వారిని మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం పూర్తి ధర 15 డాలర్లు చెల్లించింది, రెండో వర్గానికి రెండు డాలర్లు, మూడో వర్గానికి ఏడు డాలర్లు తగ్గించారు. మొదటి ఆరు నెలల్లో పూర్తి ధర చెల్లించినవారు తగ్గింపు పొందినవారికంటే ఎక్కువ నాటకాలు చూశారు, ఆ తర్వాత ఆ తేడా కనుమరుగైంది. పెట్టిన డబ్బు వృథా కాకూడదన్న పట్టుదలను ఆర్థికవేత్తలు మునిగిన ఖర్చు ప్రభావం అంటారు. ఆ పట్టుదల పూర్తి ధర చెల్లించినవారిలో బలంగా ఉంటుందనీ, కాలంతో అరిగిపోతుందనీ ఈ ప్రయోగం చూపింది. వ్యాయామశాల సభ్యుల హాజరును పరిశీలించిన జాన్ గూర్విల్, దిలీప్ సోమన్ 1998లో ఇటువంటి ఫలితాన్నే ప్రకటించారు. చందా కట్టిన నెలలో హాజరు పెరిగి, ఆ తర్వాత నెలనెలా తగ్గింది. ఈ రెండింటినీ ఆటల అంగడికి అన్వయిస్తే, పదో వంతు ధరకు కొని, కొన్ని వారాలు తెరవని ఆటను ఆడించే బలం ఏదీ మిగలదని తేలుతుంది. రాయితీ అమ్మకం ఆటను చవక చేయడమే కాక, ఆడాలన్న ఒత్తిడిని కూడా చవక చేస్తుంది. నిల్వను గురించిన చర్చలో ఇంత ఉపయోగపడే ఆధారం మరొకటి లేదు, అయినా దీన్ని ప్రస్తావించేవారు తక్కువ.

అందరూ ప్రస్తావించేది ఎంపికల భారం. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రకటించిన ప్రయోగంలో 24 రకాల జామ్ రుచి చూపిన బల్ల దగ్గర ఆగినవారిలో 3 శాతం, ఆరు రకాలే ఉంచిన బల్ల దగ్గర ఆగినవారిలో 30 శాతం కొన్నారు. మూడు వందల ఆటల జాబితాను అరగంట కిందికీ మీదికీ జరిపి, చివరికి ఏదీ తెరవకుండా నిద్రపోయే ఉద్యోగికి ఈ ఫలితం నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది. కానీ ఇటువంటి ప్రయోగాలన్నిటినీ కూడి 2010లో చేసిన విశ్లేషణలో సగటు ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది; ఎంచుకునేవారికి తమకేం కావాలో ముందే తెలియనప్పుడు, పోల్చడం కష్టమైనప్పుడు మాత్రమే ఎంపికలు భారమవుతాయని తర్వాతి పరిశోధనలు సవరించాయి. బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రతిపాదించిన, అసంపూర్తిగా వదిలిన పని ఎక్కువ గుర్తుంటుందన్న సిద్ధాంతం పరిస్థితీ ఇంతే. తర్వాతి ప్రయోగాల్లో అది నిలకడగా నిరూపణ కాలేదు కనుక, సగంలో ఆపిన ఆటలు మనసును వేధిస్తాయనడానికి దాన్ని శాస్త్రంగా చూపడం తగదు.

నివారణ మార్గాలుగా సూచించేవాటిలో మొదటిది పట్టిక. ఉన్న ఆటలన్నిటినీ రాసుకుని, ఎన్ని ముగిశాయో, ఎన్ని గంటలు ఆడారో లెక్కపెట్టుకోవడం కొందరికి స్వయంగా ఒక ఆటే. జోర్డన్ ఎట్కిన్ 2016లో ప్రకటించిన ప్రయోగాల్లో నడక, చదువు, రంగులు వేయడం వంటి ఇష్టమైన పనులను లెక్కపెట్టినప్పుడు చేసే పరిమాణం పెరిగి, అందులోని ఆనందం తగ్గింది; లెక్క ఆ పనిని ఉద్యోగంలా తోపించడమే అందుకు కారణమని ఆమె వివరించారు. రెండోది వేళ కేటాయించడం. అదే ఏడాది గాబ్రియేలా టోనియెట్టో, సెలిన్ మల్కోచ్ విశ్రాంతి పనులకు కచ్చితమైన సమయం నిర్ణయిస్తే ఆనందం తగ్గుతుందనీ, సాయంత్రం ఎప్పుడో ఒకప్పుడు అన్నంత వదులుగా ఉంచితే ఆ నష్టం ఉండదనీ చూపారు. కాబట్టి శనివారం తొమ్మిది నుంచి పదకొండు వరకు ఫలానా ఆట అని గోడకు అంటించుకునేవారు నిల్వను కొంత తగ్గించగలరేమో గానీ, ఆ తగ్గింపుకు చెల్లించేది ఆటలోని సరదానే.

దీని వెనక ఒక పాత తాత్త్విక విషయముంది. డచ్ చరిత్రకారుడు యోహాన్ హైజింగా 1938లో ‘హోమో లూడెన్స్’ అనే గ్రంథంలో ఆటకు మొదటి లక్షణంగా స్వేచ్ఛను చెప్పాడు. ఆజ్ఞకు లోబడి ఆడేది ఆట కాదన్నది అతని వాదం. కెనడాలో బోధించిన తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో దీన్ని బిగించి, అవసరం లేని అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటే ప్రయత్నమే ఆట అని నిర్వచించాడు. అవసరం, నిర్బంధం ప్రవేశించిన క్షణాన ఈ నిర్వచనం చెదిరిపోతుంది. ఇంజనీరింగ్ విద్యార్థి తప్పిన సబ్జెక్టును మళ్లీ రాసి గట్టెక్కక తప్పదు, గట్టెక్కకపోతే పట్టా రాదు. నిల్వలో ఉన్న ఆటలను కూడా అదే దృష్టితో చూసి ఒక్కొక్కటే గట్టెక్కాలనుకునేవారు తమకు ఎవరూ పెట్టని పరీక్ష రాస్తున్నారు. ఆపిన ఆటను ఆరు నెలల తర్వాత తెరిచినప్పుడు మీటలు మరచిపోయి, కథ తెగిపోయి, ఎక్కడున్నారో తెలియక ఇబ్బందిపడటం అందరూ ఎరిగినదే. 2020లో ఎక్స్‌బాక్స్ తెచ్చిన క్విక్ రెజ్యూమ్, 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వంటివి ఆపినచోటి నుంచి క్షణాల్లో కొనసాగించే వీలు కల్పించాయి; యంత్రం మరిచిపోదు గానీ మనిషి మరిచిపోతాడు కనుక ఆ సౌకర్యం రోజుల ఎడానికి పనికివస్తుంది, నెలల ఎడానికి కాదు. అటువంటి ఆటను పట్టికలో నుంచి కొట్టివేయడం ఓటమి కాదు. చూడదలచినది చూసి లేచిపోవడం కూడా ఒక ముగింపే.

కొనుగోలును ఆపడం లేదా వాయిదా వేయడం ఒక్కటే పైన చెప్పిన లెక్కకు నిలుస్తుంది, పైగా దానికి లాభం కూడా ఉంది. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ ఎంత లోపాలతో వచ్చిందంటే, సోనీ దాన్ని తన ప్లేస్టేషన్ దుకాణం నుంచే తొలగించి, ఆరు నెలల తర్వాత గాని తిరిగి చేర్చలేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన పెద్ద సవరణ దాన్ని దాదాపు మరో ఆటగా మార్చింది. మూడేళ్లు ఆగినవారు తక్కువ ధరకు మెరుగైనది పొందారు. మొదటి రోజు కొని ఆడకుండా ఉంచినవారికి ఆ మెరుగు దక్కినా, ధర తేడా పోయింది. కొని రెండు వారాలు దాటకుండా, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు ఇచ్చే విధానాన్ని స్టీమ్ 2015 జూన్ నుంచి అమలు చేస్తున్నది కాబట్టి, కొన్న ఆటను ఆ రెండు వారాల్లో తెరవడం కనీస జాగ్రత్త.

వాయిదాకు వ్యతిరేకంగా ఒక బలమైన వాదముంది, దాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. ఆటలు ఎప్పటికీ అమ్మకంలో ఉండవు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కగట్టింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ యంత్రాల ఇంటర్నెట్ దుకాణంలో అమ్మకాలు ఆపింది. అయితే కొని ఉంచుకోవడం కూడా రక్షణ కాకపోవచ్చు. యూబీసాఫ్ట్ 2014 నాటి ‘ది క్రూ’ ఒంటరిగా ఆడేటప్పుడు సైతం సర్వర్‌తో సంబంధం కోరేది. 2024 మార్చి 31న సర్వర్ మూసేయగానే డబ్బు పెట్టి కొన్నవారి దగ్గర కూడా అది పనిచేయడం మానేసింది. ఆ ఘటన నుంచి పుట్టిన ఉద్యమం ఐరోపా సమాఖ్యకు ఇచ్చే విన్నపంపై 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు సేకరించింది. చందా సేవల్లోనైతే ఆటలు తరచు జాబితా నుంచి వెళ్లిపోతూ ఉంటాయి.

కనుక నిల్వలో వరుస నిర్ణయించవలసి వస్తే, సర్వర్ మీద ఆధారపడినవీ చందాలో ఉన్నవీ ముందు ఆడాలి. 2008లో మొదలై, నకలు రక్షణ లేని ఫైళ్లను అమ్మే జీఓజీ వంటి దుకాణంలో కొని సొంత డిస్కులో దాచుకున్నవి పదేళ్లు ఆగినా నష్టం లేదు. ఈ తేడా కొనేవారికి కొనకముందే తెలియాలి. సర్వర్‌ను కనీసం ఏ తేదీ వరకు నడుపుతారో ప్రచురణ సంస్థలు ధర పక్కనే రాయాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న చట్టం, అమ్ముతున్నది ఆటను కాదు, ఆడే లైసెన్సును మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలంటుంది; ఆ తేదీని చెప్పమని అదీ అడగదు.